మగ గెల మీద పురుగు, ఆడ గెల మీద రైతు

ఎకరాకు 57 మొక్కలు. తొమ్మిది మీటర్ల ఎడంతో త్రికోణ పద్ధతిలో నాటితే పట్టేవి అన్నే. ఎదిగిన చెట్టు ఏడాదికి పది గెలలు ఇస్తుందనుకుందాం. గెల సగటున 15 కిలోలు. మొత్తం 8,550 కిలోలు, అంటే ఎనిమిదిన్నర టన్నులు. టన్ను ధర 20 వేలు వేసుకుంటే ఎకరాకు లక్షా 71 వేల రూపాయలు. అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి వైపు పామాయిల్ మాటొస్తే వినిపించే లెక్క కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

ఈ లెక్కలోకి నీళ్లు వస్తాయి, ఎరువులు వస్తాయి, కోత కూలి వస్తుంది, ఫ్యాక్టరీకి తోలే ట్రాక్టరు కిరాయి వస్తుంది. రానిది ఒకటుంది. గెలలోని పూలలో నూటికి ఎన్ని కాయలయ్యాయి? గెల 15 కిలోలు తూగుతుందా, పది కిలోల దగ్గరే ఆగిపోతుందా అని తేల్చేవాటిలో ఈ కాయపట్టు శాతం ముందువరసలో ఉంటుంది. ఆ శాతం మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండే ఓ ముక్కు పురుగు చేతిలో ఉంది. ఆ పురుగు ఇక్కడి అడవులది కాదు, ఈ దేశానిదీ కాదు. దాని తిండి, గుడ్లు, పిల్లలు అన్నీ మగ గెలల, అంటే మగ పూగుత్తుల మీదే. రైతుకు పైసా రాని మగ గెలను దండగగా చూస్తే నష్టం ఎంతో అంకెల్లోనే చూడొచ్చు.

ఒకే చెట్టు, వేర్వేరు కాలాలు

భద్రాచలం అడవి అంచు ఊళ్లలో తాటిచెట్టు గీసేవాళ్లు అది పోతుతాడో పెంటితాడో చూడగానే చెబుతారు. పోతుతాడు బతికినంత కాలం పోతుతాడే. కాయలు పెంటితాడికే. తాటి కుటుంబంలోదే అయినా పామాయిల్ చెట్టు తీరు వేరు. ఒకే చెట్టు కొన్ని నెలలు వరసగా ఆడ పూగుత్తులు వేస్తుంది, ఆ తర్వాత కొన్ని నెలలు మగ పూగుత్తులు వేస్తుంది. రెండూ ఒకే చెట్టు మీద ఒకేసారి విచ్చుకోవడం అరుదు. అందుకే ఏ చెట్టైనా తన పుప్పొడితో తాను కాయ పట్టించుకోలేదు. పక్క చెట్టు మీద ఆధారపడాల్సిందే.

ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. ఎదిగిన చెట్టు ఏడాదికి 20 నుంచి 24 మట్టలు వేస్తుంది కాబట్టి పూగుత్తులకు ఉన్న అవకాశాలూ అన్నే. వాటిలో కొన్ని ఆడవి, కొన్ని మగవి. ఇంకొన్ని బయటపడకముందే మురిగిపోతాయి. మగ పూగుత్తిలో వేళ్లలాంటి రెమ్మలు వంద నుంచి మూడు వందల దాకా ఉంటాయి. ఒక్కో రెమ్మకు వందల పూలు. ఒక పూగుత్తిలో లక్ష పూలు ఉండటం మామూలే. అది విచ్చుకున్నాక ఐదు రోజుల పాటు పుప్పొడి రాలుస్తుంది, అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే. మొత్తం పుప్పొడి 25 నుంచి 50 గ్రాములు. ఆడ పూగుత్తికి ఇంకా తక్కువ గడువు. పూల కొసలు లేత పసుపు రంగులో తెరుచుకుని ఉండేది చాలావరకు ఒకటిన్నర నుంచి మూడు రోజులు. తర్వాత అవి ఎర్రబడి ఊదారంగుకు తిరుగుతాయి. ఆ రంగు వచ్చాక ఎంత పుప్పొడి పడినా వృథా.

ఆడమగల వేళలు ఇలా వేరుపడటం పామాయిల్‌కే పరిమితం కాదు. కూర్గు, నీలగిరి కొండల్లోనూ మన అరకు వైపూ పండే అవకాడోలో ఒకే పువ్వు రెండుసార్లు తెరుచుకుంటుంది. మొదటిసారి ఆడ పువ్వుగా, మర్నాడు మగ పువ్వుగా. ఎ రకం చెట్లు పొద్దున ఆడ, మర్నాటి మధ్యాహ్నం మగ. బి రకం చెట్లు మధ్యాహ్నం ఆడ, మర్నాటి పొద్దున మగ. హాస్ ఎ రకం, ఫ్యూయెర్టె బి రకం. పెద్ద చెట్టు ఒక్క కాపులో పది లక్షల పూలు పూసినా వెయ్యింటికి ఒక్కటి కూడా పండు దాకా రాదు. అందుకే రెండు రకాలనూ కలిపి నాటమంటారు. పామాయిల్‌లో అలాంటి రెండు రకాలు లేవు. అవకాడోలో గంటల్లో ఉన్న ఎడబాటు ఇక్కడ నెలల్లో ఉంది. ఏ చెట్టు ఎప్పుడు మగ వంతుకు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కాబట్టి ఇక్కడ కాపాడేది చెట్ల సంఖ్య.

ఒక రోజు తోటలో

మొదట చెప్పుకున్న ఎకరాన్నే తీసుకుందాం. చెట్టుకు పది ఆడ పూగుత్తులు, ఎనిమిది మగవి వస్తాయనుకుంటే ఏడాదికి 570 ఆడవి, 456 మగవి. రోజుకు సగటున ఒకటిన్నర ఆడ పూగుత్తులు విచ్చుకుంటాయి, ఒకటింపావు మగవి విచ్చుకుంటాయి. మగది ఐదు రోజులు పుప్పొడి ఇస్తుంది కాబట్టి ఏ రోజు చూసినా ఎకరంలో ఆరు మగ పూగుత్తులు పూతలో ఉంటాయి. ఆడ పూగుత్తి ఏ రోజు తెరుచుకున్నా కూతవేటు దూరంలో పుప్పొడి ఉంటుంది. ముదురు తోటకు ఈ బెంగ లేదు.

ఇప్పుడే కాపుకొస్తున్న తోట సంగతి చూడండి. మొక్క బలపడాలని మొదటి రెండున్నర, మూడేళ్లు వచ్చిన పూగుత్తులన్నీ తుంచేస్తారు. ఆపిన తర్వాత బాగా పెరిగిన చెట్లు వరసగా ఆడ గుత్తులే వేస్తుంటాయి. మగవి ఏడాదికి చెట్టుకు ఒక్కటే వచ్చిందనుకుంటే ఎకరాకు 57. అంటే ఆరు రోజులు దాటితే గాని ఒక మగ పూగుత్తి విచ్చుకోదు. ఐదో రోజుకు దాని పుప్పొడి అయిపోతుంది. ఆ మధ్యలో తెరుచుకున్న ఆడ పూగుత్తికి పుప్పొడి లేదు. గెల చూపుకు నిండుగానే ఉంటుంది. కోశాక తూకంలో తేలిపోతుంది. కొన్నయితే పండకుండానే కుళ్లిపోతాయి.

ఇదే లేత తోట ఒక్క ఎకరం కాక పదెకరాలు ఒకే చోట ఉంటే రోజుకు ఒకటిన్నర మగ పూగుత్తులు విచ్చుకుంటాయి. ఏ రోజు చూసినా ఏడెనిమిది పూతలో ఉంటాయి. పదెకరాలకు అవి పలచనే, అయినా అసలు లేని రోజంటూ ఉండదు. చుట్టూ పాత తోటలున్న ఊరిలో కొత్తగా నాటిన రైతుకు ఇరుగు పొరుగు చెట్లు పుప్పొడి అందిస్తాయి. నాలుగు వైపులా అడవో, మొక్కజొన్న చేనో, జీడిమామిడి తోటో ఉండి మధ్యలో ఒంటరిగా రెండెకరాలు పామాయిల్ పెట్టినవారికి ఆ సాయం లేదు. అడవి అంచున ముక్కలు ముక్కలుగా ఉన్న పొలాల్లో ఈ తేడా ఎక్కువ బాధిస్తుంది.

సోంపు వాసన

అడవి పక్కనే ఉంది కదా, తేనెటీగలకు కొదవా అనిపించొచ్చు. మామిడికీ జీడిమామిడికీ అడవి వైపు నుంచి వచ్చే ఈగలు, తేనెటీగలు బాగానే పనికొస్తాయి. పామాయిల్ మగ పూగుత్తి మీదా తేనెటీగలు మూగుతాయి. పుప్పొడిని కాళ్లకు ఎత్తుకుని గూటికి పోతాయి. ఆడ పూగుత్తి దగ్గర వాటికి కావలసిందేమీ ఉండదు, కాబట్టి అటు పోవు. ముదురు తోటలో చెట్ల తలలు ఒకదాన్నొకటి తాకుతుంటే గాలి కదలిక కూడా తక్కువే.

ఆ పని చేసేది ఎలీడోబియస్ కామెరూనికస్ అనే ముక్కు పురుగు. మగ పూగుత్తి విచ్చుకున్నప్పుడు తోటలో సోంపు వాసన వేస్తుంది. ఆ వాసనకు మూలం ఎస్ట్రగోల్ అనే పదార్థం. పురుగు ఆ వాసన పట్టుకుని వస్తుంది, మగ పూల కాడలు తింటుంది, అక్కడే జతకడుతుంది, వాడుతున్న మగ పూలలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ పూలనే తింటూ పెరిగి, దాదాపు రెండు వారాల్లో రెక్కల పురుగులై బయటికొస్తాయి. ఒళ్లంతా సన్నని నూగు, ఆ నూగుకు పుప్పొడి.

ఆడ పూగుత్తి కూడా తెరుచుకున్న ఆ రెండు మూడు రోజుల్లో అదే సోంపు వాసనను కొంచెం తక్కువగా, ఉండుండి వదులుతుంది. మగదనుకుని పురుగు వచ్చి వాలుతుంది. తినడానికేమీ దొరకదు, గుడ్లు పెట్టే చోటూ లేదు. కాసేపు పూల మధ్య తిరిగి వెళ్లిపోతుంది. ఆ కాసేపట్లో ఒంటి మీది పుప్పొడి ఆడ పూలకు అంటుకుంటుంది. కాయపట్టు అంతా ఈ పొరపాటు రాకల మీదే నడుస్తుంది. రాకలు చాలినన్ని ఉండాలంటే పురుగులు వేలల్లో ఉండాలి. హెక్టారుకు 20 వేల పురుగులు కావాలని పరిశోధకులు తరచూ చెప్పే అంచనా. ఎకరాకు ఎనిమిది వేలన్నమాట. అన్ని పురుగులకూ కూడూ గూడూ మగ గెలలే. కాబట్టి మగ గెల తగ్గితే దెబ్బ రెండు వైపుల నుంచి పడుతుంది. పుప్పొడీ తగ్గుతుంది, దాన్ని మోసే పురుగూ తగ్గుతుంది.

కామెరూన్ నుంచి కొల్లం దాకా

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మలేసియాకు చెట్టును తీసుకెళ్లారు గాని పురుగును తీసుకెళ్లలేదు. పామాయిల్‌కు గాలి వల్లే కాయ పడుతుందని 1970ల దాకా గట్టిగా నమ్మేవారు. మలేసియా తోటల్లో కూలీలు పుప్పొడి సేకరించి, టాల్కం పొడిలో కలిపి, తెరుచుకున్న ఆడ పూగుత్తులను వెతికి వాటి మీద ఊదేవారు. వారానికి రెండు మూడుసార్లు తోటంతా తిరగాల్సిన పని అది. కామెరూన్ తోటల్లో ఇదేమీ అక్కర్లేకుండానే నిండు గెలలు రావడం యూనిలీవర్ తోటల అధికారి లెస్లీ డేవిడ్‌సన్‌కు తెలుసు. తేడా ఎక్కడుందో కనుక్కోమని కీటక శాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్‌కు పని అప్పగించారు. ఆయన 1977లో కామెరూన్ వెళ్లి పరిశోధన మొదలుపెట్టారు. కాయ పట్టిస్తున్నది గాలి కాదని, ఈ ముక్కు పురుగులని తేల్చారు. మిగతా పంటల జోలికి పోదని పరీక్షించి నిర్ధారించుకున్నాక 1981లో మలేసియా తోటల్లో వదిలారు. ద్వీపకల్ప మలేసియాలో సగం దగ్గర ఉన్న కాయపట్టు 70 శాతం దాకా లేచింది. చేతితో పుప్పొడి ఊదే పని ఆగిపోయింది. మలేసియాకు దీనివల్ల ఏటా 11.5 కోట్ల డాలర్ల మేలని అప్పట్లో ఒక అంచనా వచ్చింది.

మన దేశానికి 1985లో తెచ్చారు. మొదట కేరళ తోటల్లో వదిలారు. అక్కడ కొల్లం జిల్లా అడవి కొండల దాపున ఆయిల్ పామ్ ఇండియా సంస్థ తోటలు అప్పటికే కాపులో ఉన్నాయి. పురుగు రాకముందు అక్కడ కాయపట్టు 37 శాతం దగ్గర ఉండేది. వచ్చాక 56 శాతానికి పెరిగింది. గెలల బరువు 40 శాతం హెచ్చింది. అనుకూలిస్తే దాదాపు 70 శాతం దాకా సాధ్యమేనని కూడా అక్కడి పరిశీలనల్లో తేలింది.

మన వైపు పామాయిల్ సాగు ఊపందుకున్నది కేంద్రం 1991–92లో ఆయిల్‌పామ్ అభివృద్ధి పథకం మొదలుపెట్టాక. పశ్చిమ గోదావరి నుంచి ఇవతల అశ్వారావుపేట దాకా తోటలు పాకాయి. 1995లో పెదవేగిలో ఆయిల్‌పామ్‌కు జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది. ఇప్పుడది భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. కేరళలో కుదురుకున్న పురుగు చెట్టు వెంటే గోదావరి జిల్లాలకూ ఇటు ఖమ్మం వైపుకూ చేరింది.

మన ఎకరానికి వర్తింపజేస్తే

కేరళలో కాయపట్టు 37 నుంచి 56కు పెరగడమంటే ఒకటిన్నర రెట్లు. బరువు పెరిగింది మాత్రం 1.4 రెట్లు. రెండూ సమానంగా పెరగవు. గెలలో కాడ, రెమ్మల బరువు ఎలాగూ ఉంటుంది. కాయలు తక్కువైతే ఉన్న కాయలు కొంచెం లావెక్కుతాయి. అందుకే బరువు నష్టం కాయపట్టు నష్టం కన్నా కాస్త తక్కువగా కనిపిస్తుంది.

అదే నిష్పత్తి తిప్పి వేసి చూద్దాం. మన ఎకరంలో 8,550 కిలోలు మంచి కాయపట్టుతో వచ్చిన దిగుబడి. కాయపట్టు కేరళ పాత స్థాయికి పడిపోతే అది 1.4తో భాగించగా 6,107 కిలోలు. తేడా 2,443 కిలోలు. కిలో 20 రూపాయల చొప్పున 48,860 రూపాయలు. నీళ్లూ ఎరువులూ కూలీ అన్నీ అంతే. చెట్లు అవే, గెలల సంఖ్యా అదే. పోయిందల్లా పూల లోపల పడాల్సిన పుప్పొడి. ఐదెకరాల రైతుకు ఏడాదికి రెండు లక్షల నలభై వేలు దాటిన మాట. ఇది గరిష్ఠ నష్టానికి దగ్గరి లెక్క. తోటలన్నీ ఇంత దిగజారవు. ఈ నష్టంలో నాలుగో వంతే జరిగినా ఎకరాకు 12 వేలు.

ఇంకో మెలిక కూడా చెప్పుకోవాలి. కాయపట్టు పెరిగితే లాభం అలా పెరుగుతూనే పోదు. నిండు గెలలు మోసే చెట్టు అలసిపోతుంది. తర్వాతి కాలంలో ఆడ పూగుత్తులు తగ్గించి మగవి ఎక్కువ వేస్తుంది. మలేసియాలో పురుగు వచ్చాక గెల బరువు బాగా పెరిగింది, గెలల సంఖ్య కొంత తగ్గింది. కాబట్టి టన్నుల్లో కనిపించిన లాభం గెల బరువులో కనిపించినంత లేదు. అసలు లాభం గెల లోపల ఉంది. పుప్పొడి పడని కాయ చిన్నగా, గింజ లేకుండా మిగిలిపోతుంది. పడిన కాయలో కండ నిండా నూనె ఉంటుంది, లోపలి పప్పు నుంచి వేరే నూనె వస్తుంది. కాబట్టి మేలు ఫ్యాక్టరీ గానుగ దగ్గరే బాగా తెలుస్తుంది.

రైతు దీన్ని పట్టించుకోవలసిన కారణం గెలల ధర కట్టే తీరులో ఉంది. నెలనెలా ప్రకటించే ధర ముడి పామాయిల్ ధరతో పాటు గెలల నుంచి సగటున వచ్చే నూనె శాతానికీ ముడిపడి ఉంటుంది. ఒక రైతు గెలలో కాయలు పలచగా ఉంటే అతనికి ధర తగ్గదు, బరువే తగ్గుతుంది. ప్రాంతమంతా కాయపట్టు పడిపోతే సగటు నూనె శాతం కిందికి వస్తుంది, ధర అందరికీ తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తోటకు ఒంటరి లేత తోట గొడవ ఎందుకనడానికి లేదు.

రెండేళ్ల కిందటి ఎండ

పూగుత్తి ఆడదా మగదా అన్నది అది విచ్చుకోవడానికి దాదాపు రెండేళ్ల ముందే మొగ్గలో తేలిపోతుంది. పుప్పొడి పడ్డాక గెల పండటానికి ఐదారు నెలలు. రెండూ కలిపితే రెండున్నరేళ్లు. 2024 మే నెలలో బోరు ఎండి చెట్లు అల్లాడితే 2026 వేసవిలో మగ పూగుత్తులు ఎక్కువవుతాయి, ఆ ఏడాది చివర్లో గెలలు తగ్గుతాయి. మధ్యలో ఇంకో గండం, విచ్చుకోవడానికి నాలుగైదు నెలల ముందు. ఆ సమయంలో నీటి ఎద్దడి వస్తే పూగుత్తి పూర్తిగా మురిగిపోతుంది. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు రాష్ట్రంలోనే పేరుమోసినవి. ఇక్కడి రైతు వేసవిలో పెట్టిన తడికి ఫలితం లారీ ఎక్కేసరికి మూడో ఏడు వస్తుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఎద్దడి పడ్డ తోటలో మగ గెలలు ఎక్కువ, పురుగులు ఎక్కువ, కాయపట్టు బాగుంటుంది, గెలలే ఉండవు. నీళ్లు, పోషకాలు దండిగా అందిన లేత తోటలో ఆడ గెలలు విరగకాస్తాయి, మగవి కరువు, కాయపట్టు పడిపోతుంది. అంటే ఈ సమస్య బాగా చూసుకున్న తోటలోనే ముందు కనిపిస్తుంది. ఆడ గెలలు ఎక్కువ వేసే విత్తన రకాలను ఎంచుకుంటూ పోతున్న కొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. మొక్కకు ఎన్ని గెలలు వస్తాయని నర్సరీలో అడిగినప్పుడే, మగ గెలలు ఎప్పుడు మొదలవుతాయని కూడా అడగడం మంచిది.

కాయ పట్టకపోవడానికి పుప్పొడి కరువే కారణం కానక్కర్లేదు. అశ్వారావుపేట ప్రాంతంలో ఇటీవలి ఏళ్లలో ఆఫ్‌టైప్, అంటే రకం తప్పిన మొక్కల మీద రైతులు ఆందోళనలు చేశారు. ఆ సంగతి వేరు, పుప్పొడి కరువు వేరు. మనం నాటేది టెనెరా సంకరం. పెంకు మందంగా ఉండే డ్యూరా తల్లి, పెంకు లేని పిసిఫెరా తండ్రి. పెంకు మందాన్ని ఒకే జన్యువు నిర్ణయిస్తుందని 1941లో కాంగోలో తేల్చారు. సంకరం సరిగ్గా జరగక తోటలోకి పిసిఫెరా మొక్క వస్తే అది ఏపుగా పెరిగి ఆడ పూగుత్తులు వేస్తుంది గాని, అవి చాలావరకు పండకుండా కుళ్లిపోతాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే చెట్టు ప్రతిసారీ, ప్రతి కాలంలోనూ గెల నిలపకపోతే లోపం మొక్కలో ఉంది. తోటలో చాలా చెట్ల గెలలు ఒక కాలంలో ఒక్కసారిగా పలచబడితే లోపం పుప్పొడిలోనో పురుగులోనో ఉంది. మొదటిదానికి మొక్క మార్చడం తప్ప మందు లేదు. రెండోది సరిచేసుకోవచ్చు.

గెలను విప్పి లెక్కపెట్టడం

కాయపట్టు శాతం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కోసిన గెలల్లో మూడు నాలుగింటిని ఎంచుకోవాలి. ఒక్కో గెలలో పైనుంచి, నడుమ నుంచి, కింది నుంచి కొన్ని రెమ్మలు గొడ్డలితో వేరుచేయాలి. ఒక్కో రెమ్మ మీద గింజ కట్టిన కాయలు ఎన్నో లెక్కపెట్టాలి. గింజ లేని చిన్న కాయలు, కాయ కాకుండా ఎండిపోయిన పూలు ఎన్నో కూడా లెక్కపెట్టాలి. మొత్తం 300 పూల చోట్లలో 180 గింజ కాయలుంటే 60 శాతం. 55, 60కి పైన ఉంటే గెల బాగున్నట్టే. 50కి కిందికి వస్తే ఆలోచించాలి. పై వరసలో ఎర్రగా నిగనిగలాడే కాయలను చూసి మోసపోకూడదు. బయట నిండుగా ఉండి లోపల బోలుగా ఉండే గెలలూ ఉంటాయి.

ఇది ఏడాదికి రెండుసార్లయినా చేయాలి. ఈ రోజు కోసిన గెల ఐదారు నెలల కిందటి పూతకు సాక్ష్యం. జనవరిలో కోసిన గెల పలచగా ఉంటే జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో ఏం జరిగిందో అది చెబుతుంది. జోరు వానలో పుప్పొడి తడిసి కొట్టుకుపోతుంది, పురుగుల తిరుగుడు తగ్గుతుంది.

గెలలతో పాటు ఇంకో లెక్క కూడా తీయాలి. నెలకోసారి తోటలో నడుస్తూ ఎకరంలో పూతలో ఉన్న మగ పూగుత్తులు ఎన్నో చూడాలి. ఐదారు ఉంటే ఫరవాలేదు. ఒకటీ రెండూ ఉంటే, సోంపు వాసన తగలని రోజులు ఎక్కువైతే, వచ్చే ఆరు నెలల తూకం మీద ఆశ తగ్గించుకోవచ్చు.

చేతిలో ఉన్న పనులు

మొదటిది మగ గెలను నరకకుండా ఉండటం. పూత అయిపోయి వాడిన మగ గెల చూపుకు చెత్తలా ఉంటుంది, లోపల వచ్చే తరం పురుగులు పెరుగుతుంటాయి. మట్టలు కొట్టేటప్పుడు ఉలికి అడ్డొచ్చిందని దాన్నీ దించి కుప్పేసి తగలబెడితే ఎకరానికి కావలసిన ఎనిమిది వేల పురుగులు ఆ కుప్పలోనే మాడిపోతాయి. పూత ముగిసి నెల దాటి, పూర్తిగా ఎండిపోయిన వాటిని తీసేయడంలో తప్పు లేదు. అప్పటికి పురుగులు బయటపడి ఉంటాయి.

రెండోది మందుల దగ్గర జాగ్రత్త. 2016లో తమిళనాడులో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో పాటు మన పామాయిల్ తోటల్నీ పట్టుకుంది. ఆకుల మీద నల్లటి మసి చూసి కంగారుపడి ఘాటైన మందులు కొడితే తెల్లదోమను తినే మిత్రపురుగులు పోతాయి, ముక్కు పురుగూ పోతుంది. నీళ్లు జోరుగా చిమ్మడం, వేపనూనె, మిత్రపురుగులను కాపాడటం లాంటివే శాస్త్రవేత్తలూ చెప్పేది. పిచికారీ తప్పనిసరైతే పూతలో ఉన్న మగ గెలల మీద పడకుండా చూసుకోవాలి.

మూడోది ఎలుకలు. వాడిన మగ గెలలను చీల్చి లోపలి పిల్ల పురుగులను తినడం ఎలుకలకు ఇష్టం. ఎలుకల నష్టాన్ని కాయల్లోనే చూస్తాం గాని, అవి వచ్చే నెల కాయపట్టును కూడా తినేస్తుంటాయి.

నాలుగోది కొత్త తోటకు పురుగును తెచ్చుకోవడం. మొక్కకు రెండున్నర, మూడేళ్లు దాటి, కాండం లావెక్కి, పూగుత్తులు తుంచడం ఆపాక ఇది చేయాలి. పాత తోటలో పూతలో ఉండి పురుగులు మూగిన మగ పూగుత్తి రెమ్మలను కోసి, గాలాడే సంచిలో తెచ్చి, కొత్త తోటలో పూతలో ఉన్న మగ పూగుత్తి దగ్గర పెట్టాలి. అక్కడ మగ పూత అసలు లేకపోతే తెచ్చిన పురుగు నిలవదు. ఒక్కసారి కుదరకపోతే మళ్లీ తేవాలి. మగ పూత మరీ తక్కువ ఉన్న ఒంటరి లేత తోటల్లో మొదటి ఏడాది రెండేళ్లు పుప్పొడి ఊదడం తప్పకపోవచ్చు. ఆడ గుత్తి తెరుచుకుని ఉండేది రెండు మూడు రోజులే కాబట్టి రెండు రోజులకోసారి తోట తిరగగలిగితేనే ఆ పనికి దిగాలి.

పాత తోటల కొత్త విలువ

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్‌పామ్ కోసం ఆమోదించింది. 2025–26 నాటికి దేశంలో పది లక్షల హెక్టార్లన్నది అప్పటి లక్ష్యం. మొక్కలకిచ్చే సాయం హెక్టారుకు 12 వేల నుంచి 29 వేలకు పెంచింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి ఈ ఆరాటం. తెలంగాణ ఒక్కటే 20 లక్షల ఎకరాల మాట చెప్పింది. పామాయిల్ మొహం చూడని జిల్లాల్లో నర్సరీలు లేచాయి, మొక్కలు నాటారు.

ఆ తోటలన్నీ ఒకదాని వెంట ఒకటి కాపుకొస్తున్నాయి. చుట్టుపక్కల వంద కిలోమీటర్లలో పాత తోట లేని చోట పురుగు తనంతట తాను చేరదు. ఎవరో ఒకరు పట్టుకెళ్లాలి. రాష్ట్రంలో మూడు దశాబ్దాలుగా ఆ పురుగు స్థిరపడి, ఇక్కడి ఎండకూ వానకూ అలవాటుపడి బతుకుతున్నది అశ్వారావుపేట, దమ్మపేట చుట్టుపక్కలే. మొక్కలకు ఇంత, బిందుసేద్యానికి ఇంత, అంతరపంటకు ఇంత అని రాయితీ లెక్కలు వేసే పథకాల్లో పురుగు పంపిణీకి కూడా ఒక పద్దు ఉండాలి. ఏ పాత తోట నుంచి ఏ కొత్త మండలానికి, ఏ నెలలో, ఎన్నిసార్లు అన్నది ఉద్యాన శాఖ రాసిపెట్టుకోవాలి. తీసుకెళ్లే ముందు రోగాలు, ఇతర పురుగులు వెంట పోకుండా చూడాలి. పాత చెట్లు ఎత్తుపెరిగి కోత కష్టమైందని రైతులు వాటిని కొట్టి కొత్తవి నాటే రోజులు కూడా దగ్గరపడ్డాయి. ఊరంతా ఒకే ఏడాది కొట్టేస్తే ఆ ఊరి పురుగు నిల్వ కూడా పోతుంది, మళ్లీ మొదటి మూడేళ్ల కరువు మొదలవుతుంది. తోటను వంతులవారీగా కొట్టి నాటుకుంటే ఆ గండం తప్పుతుంది.

ఎకరాకు వేసిన లక్షా 71 వేల లెక్క కాగితం మీంచి తోటలోకి దిగాలంటే ఏడాదికి 570 ఆడ పూగుత్తుల్లో ప్రతిదానికీ రెండు మూడు రోజుల గడువులో పురుగు చేరాలి. నీళ్లకు మోటారుంది, ఎరువుకు సంచి ఉంది. పురుగుకు ఉన్న ఏర్పాటు మగ గెల ఒక్కటే. ఈసారి మట్టలు కొట్టించేటప్పుడు ఉలి పట్టినవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి పంపితే పైసా ఖర్చు లేదు.